ఇంటి బడి వేరు, బడి మాన్పించడం వేరు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా అచ్యుతాపురంలో జరిగిన సభలో గిరిజన వసతి గృహ వార్డెన్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

ఇప్పుడే థింసా అయ్యింది. ఆ ఊపులో ఉన్నవాళ్లకు ప్రసంగం అంటే ఓపిక ఉండదని మాకు తెలుసు. హాస్టల్లో రోజూ రాత్రి స్టడీ అవర్ నడిపేవాళ్లం కాబట్టి ఎంతసేపటికి ఆవలింతలు మొదలవుతాయో కూడా తెలుసు. అందుకే ఒక్క విషయమే చెప్తాం. ఈ మధ్య మన వాళ్ల ఇళ్లలో ఒక మాట వినిపిస్తోంది. "బాబుని బడికి పంపట్లేదండీ, ఇంట్లోనే చదివిస్తున్నాం" అని. ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఇంట్లో నిజంగా బడి నడుస్తోందని. రెండు, బడి మాన్పించేశారని. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటి మధ్య తేడా పట్టుకోవడం ఎలాగో, అందులో మీ వంతు ఏమిటో మాట్లాడుకుందాం.

సెజ్ వచ్చాక అచ్యుతాపురం, రాంబిల్లి చుట్టుపక్కల మన వాళ్లు ఎంతమంది గదులు తీసుకుని ఉంటున్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు. పాడేరు, అరకు, డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు, చింతపల్లి వైపు నుంచి దిగి వచ్చినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆడపిల్లలు బ్రాండిక్స్ లాంటి బట్టల కంపెనీల్లో, మగపిల్లలు మందుల కంపెనీల్లో, టైర్ల కంపెనీలో, కాంట్రాక్టు పనుల్లో ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు మన కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, ఈ కంపెనీలు అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. మన కుటుంబాలు మాత్రం రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. తల్లిదండ్రులు ఇక్కడ, పొలం అక్కడ. మరి పిల్లలు ఎక్కడ ఉండాలి? ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ ఉంది.

అలాంటి ఇల్లు ఒకటి మాకు తెలుసు. పేర్లు చెప్పం, వాళ్లు మన మధ్యే ఉంటారు. భర్త షిఫ్టు డ్యూటీ, భార్య బట్టల కంపెనీ. ఏడేళ్ల బాబు రెండో తరగతి. ఇంట్లో నాన్నమ్మ ఉంది. డిగ్రీ పూర్తి చేసి డీఎస్సీకి చదువుతున్న పిన్ని కూడా వాళ్లతోనే ఉంటోంది. ఇంట్లో మాట్లాడేది కువి భాష. బాబు బడికి వెళ్లేవాడు, సంచి తగిలించుకుని తిరిగొచ్చేవాడు. బడిలో ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా అక్కడ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. పంతులమ్మ అడిగింది వాడికి అర్థం కాదు, వాడు అనుకున్నది ఆవిడకు అర్థం కాదు. తోటి పిల్లలు వాడి మాట విని నవ్వేవాళ్లు. అక్కడితో ఆగితే కొంత నయం. కొన్నాళ్లకు ఇంట్లో కూడా కువిలో మాట్లాడటం మానేశాడు. నాన్నమ్మ పిలిస్తే తలూపుతాడు, నోరు విప్పడు. ఆ తల్లి మా దగ్గరకొచ్చి అన్న మాట ఇది: "మేడమ్, వాడికి తెలుగు రాలేదని కాదు మా బాధ. మా మాట కూడా పోతోంది."

మొదట వాళ్లు హాస్టల్ సీటు గురించి అడిగారు. తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక ఏడాది ఇంట్లోనే చదివిస్తామని నిర్ణయించుకుని మళ్లీ వచ్చారు. హాస్టల్ నడిపేవాళ్లం కదా, పిల్లల్ని ఇంట్లో ఉంచుకోవద్దని చెప్తామేమో అని వాళ్లకు అనుమానం. మేము అలా చెప్పలేదు, సరే అని కూడా అనలేదు. నాలుగు ప్రశ్నలు అడిగాం. అవే ఈ రోజు మీకూ చెప్తున్నాం.

మొదటి ప్రశ్న: రోజూ ఎవరు కూర్చుంటారు, ఎన్ని గంటలకు? "అందరం చూసుకుంటాం" అన్నది జవాబు కాదు. అందరూ అన్నచోట చివరికి ఎవరూ ఉండరు. ఒక మనిషి పేరు, ఒక సమయం కావాలి. హైదరాబాద్‌కు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ పేరు మీరు వినే ఉంటారు. బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకుని, 8 ఏళ్ల వయసులోనే పదో తరగతి స్థాయి కేంబ్రిడ్జి పరీక్ష పాసైంది. ఆ వార్త చదివి "చూశారా, బడి లేకుండానే" అన్నవాళ్లున్నారు. బడి లేదు కానీ గురువులు లేకుండా లేరు. తల్లిదండ్రులే గురువులై తమ సమయమంతా ఆ పిల్లకు పెట్టారు. ఇంటి బడికి ఫీజు ఉండదు గానీ పెద్దవాళ్ల గంటలు ఖర్చవుతాయి. షిఫ్టు డ్యూటీలు చేసే మన ఇళ్లలో అన్నిటికంటే కరువైనవి ఆ గంటలే.

రెండో ప్రశ్న: ఏ భాషలో మొదలుపెడతారు, ఏ భాష దాకా తీసుకెళ్తారు? ఇంటి భాషతో మొదలుపెట్టడం మంచిది. అక్కడే ఆగిపోతే పిల్లాడికి రేపు బస్సు బోర్డు చదవడం రాదు, ఆఫీసులో అర్జీ రాయడం రాదు. తెలుగుకు, ఇంగ్లీషుకు మెట్టు వేసే ఆలోచన ఉండాలి.

మూడో ప్రశ్న: ఏ పరీక్ష, ఎప్పుడు? పిల్లాడికి చదువు వచ్చిందని ఇంట్లోవాళ్లు చెప్తే ప్రభుత్వం నమ్మదు, కాలేజీ నమ్మదు. కాగితం కావాలి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, ప్రాథమిక స్థాయిలో మూడు మెట్లు పెట్టింది. 'ఎ' స్థాయి మూడో తరగతికి, 'బి' అయిదుకు, 'సి' ఎనిమిదికి సమానం. 14 ఏళ్లు నిండాక అదే సంస్థలో గానీ, మన రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠంలో గానీ పదో తరగతి కట్టొచ్చు. తెలుగులోనే రాయొచ్చు. ఒకసారి చేరితే అయిదేళ్ల లోపు సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. మన హాస్టల్ పిల్లల్లో పది తప్పి ఇంటికెళ్లిపోయినవాళ్లు మీకు ఎవరైనా తెలిసుంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి.

నాలుగో ప్రశ్న: వెనక్కి రావాలంటే దారి ఏది? పిన్నికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఏం చేస్తారు? నాన్నమ్మకు ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు? దీనికి చట్టమే దారి పెట్టింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 4వ సెక్షన్ ప్రకారం ఆరేళ్లు దాటి బడిలో లేని పిల్లల్ని వాళ్ల వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన చదువు అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు రుజువు కాగితం లేదని చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ సంగతి తెలియక "ఒకసారి మానేశాడు కదా, ఇంక ఎవరు చేర్చుకుంటారు" అని ఊరుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

అదే చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని 10వ సెక్షన్ చెప్తుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు శిక్ష ఏమీ రాయలేదు. ఇంటి బడి గురించి విడిగా ఏమీ చెప్పలేదు. కాబట్టి ఇంట్లో చదివించే కుటుంబం నేరం చేస్తున్నట్టు దాక్కోనక్కర్లేదు. అలాగని మా ఇష్టం అనుకుని వదిలేయడానికీ వీల్లేదు. సర్వేకి వచ్చినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బడిలో పేరు ఉంచి పిల్లాడిని ఇంట్లో ఉంచడం మాత్రం చేయొద్దు. అది దొంగ హాజరు అవుతుంది.

ఇక పోగొట్టుకునేవి కూడా లెక్క వేసుకోవాలి. బడిలో పేరు లేకపోతే తల్లికి వందనం రాదు. 2025లో ఆ పథకం కింద తల్లి ఖాతాలో పడింది 13 వేల రూపాయలు. మధ్యాహ్న భోజనం, గుడ్డు, యూనిఫాం, పుస్తకాలు, బూట్లు ఏవీ ఉండవు. బడికి వచ్చే ఆరోగ్య సిబ్బంది మీ ఇంటికి రారు. మన వాళ్లలో సికిల్ సెల్, రక్తహీనత ఎంత ఉన్నాయో తెలిసిన విషయమే కాబట్టి ఇది చిన్న నష్టం కాదు. కాగితాల సంగతి కూడా ఉంది. పెద్ద చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికత చూసేటప్పుడు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవనివాళ్లు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపించాల్సి వస్తుంది. అందుకని బడి నుంచి టీసీ, రికార్డు షీటు తీసుకుని, పుట్టిన తేదీ పత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్‌తో కలిపి ఒక కవరులో భద్రం చేయమని ఆ కుటుంబానికి చెప్పాం. అద్దె గదులు మారుతుంటే ముందు పోయేవి కాగితాలే.

ఆ తల్లి ఇవన్నీ విని వేళ్ల మీద లెక్క వేసుకుంది. 13 వేలంటే వాళ్లకు నాలుగైదు నెలల గది అద్దె. అయినా మొదలుపెట్టారు. పిన్ని పొద్దున్న 9 నుంచి 12 దాకా కూర్చుంటుంది. గోడకు ఒక క్యాలెండరు, ఒక నోటు పుస్తకం పెట్టారు. రోజూ తేదీ వేసి ఏం చెప్పారో రెండు వరుసల్లో రాస్తారు. నాన్న పగటి షిఫ్టు వారాల్లో సాయంత్రం లెక్కలు చెప్తాడు. నాన్నమ్మకు చదువు రాదు, కానీ ఆవిడకూ ఒక గంట ఇచ్చారు. చోళ్లు, సామలు, కొర్రలు ముందు పోసుకుని కువిలో పేర్లు చెప్పిస్తుంది, సోలతో కొలిపిస్తుంది, కథలు చెప్తుంది. పిన్ని ఆ కథల్లోంచి చిన్న వాక్యాలు తీసుకుని తెలుగు లిపిలో కువి రాస్తుంది. పక్కనే అదే వాక్యం తెలుగులో రాస్తుంది. సాయంత్రం వీధి పిల్లలతో ఆటకు పంపడం తప్పనిసరి. ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పొచ్చు గానీ స్నేహితులను తయారుచేయలేం.

కొన్ని నెలలయ్యింది. వాడు మాట్లాడుతున్నాడు. ముందు నాన్నమ్మతో, తర్వాత అందరితో. ఒకరోజు జంక్షన్‌లో బస్సు బోర్డు మీద 'అచ్యుతాపురం' అని కూడబలుక్కుని చదివి, "అందరూ అచ్చుతాపురం అంటారు కదా, ఇక్కడ ఇలా ఎందుకు రాశారు" అని పిన్నిని అడిగాడట. రెండో తరగతి పిల్లాడు 'చ్యు' చదివాడంటే టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం మాకు అది చిన్న సంగతి కాదు. తీసివేతల్లో మాత్రం ఇంకా వెనకబడే ఉన్నాడు. పిన్ని డీఎస్సీ చదువు కూడా వెనకబడింది, అదీ చెప్పాలి. ఆమెకు పోస్టు వస్తే ఆ 9 నుంచి 12 ఎవరిదో ఇంకా తేలలేదు. జూన్‌లో మళ్లీ బడిలో వేస్తారో, 'ఎ' స్థాయికి కడతారో ఆ ఇంట్లోవాళ్లే ఆలోచించుకుంటున్నారు. ఇదంతా గెలిచిన కథ అనడం లేదు. నాలుగు ప్రశ్నలకూ జవాబు వెతుక్కుంటూ నడుస్తున్న ఇల్లు అంటున్నాం. అందుకే దాన్ని ఇంటి బడి అంటున్నాం.

ఇప్పుడు రెండో రకం ఇళ్ల సంగతి. పన్నెండేళ్ల ఆడపిల్ల. "ఇంట్లోనే చదువుకుంటోంది" అంటారు. వెళ్లి చూస్తే చంకలో తమ్ముడు, పొయ్యి మీద అన్నం. పుస్తకం ఎక్కడుందని అడిగితే అటక వైపు చూపిస్తుంది. అమ్మకు బి షిఫ్టు, పసివాడిని చూసేవాళ్లు లేరు, అందుకే ఆ పిల్ల ఆగిపోయింది. తల్లి చెడ్డదని కాదు, ఆమెకు వేరే దారి దొరకలేదు. కానీ ఆ పిల్ల చదువుకోవడం లేదు. రెండేళ్లు పోతే సంబంధాలు మొదలవుతాయి. పద్నాలుగేళ్ల లోపు మగపిల్లాడైతే ఏ టిఫిన్ బండి దగ్గరో, ఏ మెకానిక్ షెడ్డులోనో తేలతాడు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడం నేరమని చట్టం ఉంది, 18 ఏళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయకూడదని చట్టం ఉంది. అయినా "ఇంట్లోనే చదువుకుంటోంది" అన్న మాట వినగానే అడగడానికి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. మంచి మాట ఒకటి ముసుగైపోయింది. అందుకే ఆ నాలుగు ప్రశ్నలు మీ నోట్లో ఉండాలి. జవాబు లేని ఇంట్లో పిల్లకు హాస్టల్ సీటు, పక్క బడి, అంగన్‌వాడీలో తమ్ముడికి చోటు, ఏదో ఒకటి చూడాలి. అలాంటి పిల్లలకు మా హాస్టళ్లు ఇప్పటికీ అవసరమే.

చివరిగా భాష సంగతి. మొదటి కుటుంబం బడి వదిలింది బడి మీద కోపంతో కాదు, బడిలో తమ మాట వినిపించకపోవడం వల్ల. ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పాలన్నది కొత్త కోరిక కాదు. 1863లో శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవర తెలిసిన మనిషి దగ్గర ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. వాచకాలు రాశారు. ప్రభుత్వం బహుమతి ఇస్తామంటే తనకు వద్దని, ఆ డబ్బు సవరల బడికి పెట్టమని అన్నారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి సవర పిల్లాడి దగ్గరకు తెలుగుతో వెళ్లలేదు, సవరతోనే వెళ్లారు.

మన రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయమంటోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు మాతృభాషలో చెప్పమంటోంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం అయిదో తరగతి దాకా అదే మాట చెప్పింది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర, కోయ, గోండి, కొలామి, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వేసి బడుల్లో మొదలుపెట్టారు కూడా. అవి ఏజెన్సీ బడుల కోసం. మన పిల్లలు కొండ దిగి అచ్యుతాపురం వచ్చేసరికి ఆ పుస్తకం వాళ్లతో రాలేదు. ఇక్కడి పంతులమ్మ తరగతిలో కువి పిల్లాడు ఒక్కడే ఉంటాడు. ఆవిడ ఒక్కతే ఏం చేయగలదు?

ఇక్కడే మీ అవసరం ఉంది తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. 2020లో లాక్‌డౌన్‌కు హాస్టళ్లు మూసినప్పుడు పిల్లలంతా ఇళ్లకెళ్లిపోయారు. సిగ్నల్ లేని ఊళ్లలో ఆన్‌లైన్ క్లాసు అన్నది పేరుకే. అప్పుడు ఇంటర్, డిగ్రీ చదివే అన్నలు, అప్పలు అరుగుల మీద కూర్చుని అక్షరాలు దిద్దించిన ఊళ్లలో పిల్లలు చదవడం మర్చిపోకుండా తిరిగొచ్చారు. హాస్టల్ తెరిచాక మేము కళ్లారా చూశాం. అప్పుడు చేయగలిగిన పని ఇప్పుడూ చేయొచ్చు.

మేము అడిగేవి మూడు పనులు. మొదటిది, మీరుండే వీధిలో మన పిల్లలు ఎవరెవరు బడికి వెళ్తున్నారో, ఎవరు వెళ్లడం లేదో ఒక కాగితం మీద రాయండి. వెళ్లనివాళ్ల ఇంటికి వెళ్లి నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగండి. తనిఖీకి వచ్చినట్టు కాదు, చుట్టం వచ్చినట్టు. రెండోది, వారాంతపు సెలవులో రెండు గంటలు ఇవ్వండి. మీకొచ్చిన భాషలో, కువి గానీ, కొండ గానీ, ఆదివాసీ ఒరియా గానీ, ఒక కథ చెప్పి దాన్ని తెలుగు లిపిలో రాయించండి. మీరు టీచర్ అవ్వక్కర్లేదు. ఆ భాష వచ్చిన పెద్ద పిల్లాడు ఎదురుగా కూర్చుంటే చాలు, చిన్నవాడు నోరు విప్పుతాడు. మూడోది, పక్క బడి పంతులమ్మను కలిసి "మా పిల్లలకు మాట అర్థం కాకపోతే పిలవండమ్మా, వస్తాం" అని మీ ఫోన్ నంబరు ఇవ్వండి. సంఘం తరఫున ఏజెన్సీ బడుల వాచకాలు తెప్పించి ఇక్కడి బడులకు ఇస్తే ఇంకా మంచిది.

ఈ మూడూ జరిగితే కొన్ని కుటుంబాలకు ఇంటి బడి అవసరమే రాదు. అయినా కావాలనుకునే కుటుంబం ఉంటే వాళ్లకు పిన్ని ఒక్కతే దిక్కు కాకుండా మీరూ తోడుంటారు. ఆ డీఎస్సీ పిల్లకు మంగళవారం, గురువారం పొద్దున్న రెండు గంటలు ఖాళీ కావాలి. మీలో రాత్రి షిఫ్టు లేనివాళ్లు, కువి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే సభ అయ్యాక వచ్చి మమ్మల్ని కలవండి.

సెలవు. జోహార్.